మాడు వాసన

కొత్త సరుకు బుధవారం మధ్యాహ్నం వచ్చింది. శేషగిరి ఆ చిన్న పెట్టెను కౌంటరు మీద విప్పలేదు. షాపు వెనకగదిలోకి తెచ్చి, తలుపు గడియ వేసి, భార్య ముందు పెట్టాడు.

"మార్బెల్ మినీ. మన డిస్ట్రిబ్యూటర్ దివాకర్ న్యూజెర్సీ నుంచి పంపాడు. శనివారం లైవ్ వీడియో పెడుతున్నాం, తనే వస్తున్నాడు. ఆలోపల దీని సంగతంతా నాకు కావాలి."

ఉమామహేశ్వరి చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. పెట్టె విప్పింది. సిగరెట్టుకి బదులు ఆవిరి పీల్చే ఆ వేప్ పరికరం అరచేతిలో ఇమిడిపోయింది. ముదురాకుపచ్చ రంగు, గుండ్రటి అంచులు. పక్కన రుచి కలిపిన లిక్విడ్ పోయడానికి దాని కొలతకే చేసిన బుల్లి గాజు ట్యాంకు. ట్యాంకును మరలో పెట్టి తిప్పింది. మొదట మెత్తగా తిరిగి, చివర్లో కొంచెం పట్టేసింది. విప్పి, మర లోపల చూపుడువేలు పెట్టి తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"మిషన్ నూనె కంపు కొడుతోంది. వేణ్ణీళ్ళతో కడగాలి."

శేషగిరి కూడా వంగి వాసన చూసి "ఊఁ" అన్నాడు. అది ఉత్త అలవాటు. కోవిడ్ వచ్చి తగ్గాక అతనికి వాసన తిరిగి రాలేదు. వాసనతోపాటు రుచీ పోయింది. ఉప్పు, తీపి, కారం అని నాలుక చెబుతుంది గానీ, మామిడిపండుకీ బొప్పాయికీ తేడా తెలియదు. ఆ విషయం ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఇద్దరూ ఆ గదిలోనే ఉన్నారు.

చికాగో పక్కనున్న ఈ షామ్‌బర్గ్‌లో వేప్ షాపులు చాలానే ఉన్నాయి. వాటన్నిటినీ దాటుకుని జనం ఇక్కడికి వచ్చేది శేషగిరి కోసం, వాళ్ళ గిరి అంకుల్ కోసం. గిరి అంకుల్ వీడియోల్లో పరికరాన్ని చేతిలో తిప్పుతూ, ఒక దమ్ము లాగి, కళ్ళు మూసుకుని, ఇంకెవరూ చెప్పనట్టు రుచి చెబుతాడు. ఇది మామిడి, కానీ టెంకకి అంటుకున్న పీచు దగ్గరి మామిడి. ఇది పాలు, కానీ మీగడ కట్టాక చల్లారిన పాలు. తెల్ల కుర్రాళ్ళు ఆ మాటలకి పడి చస్తారు. ఆ మాటలన్నీ ఈ గదిలో తెలుగులో పుట్టి, ముందు గదిలోకి ఇంగ్లీషులో వెళ్ళేవి.

ఉమామహేశ్వరి ట్యాంకు కడిగి, గుడ్డ మీద బోర్లించి ఆరబెట్టింది. లిక్విడ్‌ని వేడిచేసే కాయిల్‌లోని దూది మీద చుక్కలు వేసి, అవి ఇంకేదాకా చూసి, ట్యాంకు నింపి పక్కన పెట్టింది.

"ఇంకా ఎంతసేపు?"

"దూది నానాలండీ. లేకపోతే మొదటి దమ్ముకే మాడుతుంది."

"నాకు పాఠాలు చెప్పకు."

నానాక ఆమె తీసుకుని పీల్చింది. బుగ్గల్లో నిలుపుకుని, నెమ్మదిగా ముక్కులోంచి వదిలింది. ఆవిరి పలచగా గదిలో పరుచుకుంది. మొదట్లో ఇలా ముక్కులోంచి వదలడానికి కళ్ళనీళ్ళ పర్యంతమయ్యేది. ఇప్పుడు భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి, నుదురు సడలుతుంది.

"మామిడే. కాయా కాదు, పండూ కాదు. పండబెట్టిన గడ్డిలోంచి తీసినప్పుడు తొక్క మీద ఉంటుందే, ఆ వాసన. చివర కొద్దిగా జీడి."

"జీడి అంటే ఏం చెప్తాం వీళ్ళకి?" శేషగిరి పెదాలు కదుపుతూ ఇంగ్లీషు మాటలు వెతుక్కున్నాడు. "గాలి ఎలా వస్తోంది?"

"బిగుతుగా. సన్నటి స్ట్రాతో మజ్జిగ తాగినట్టు. సిగరెట్టు మానేవాళ్ళకి నచ్చుతుంది."

"అది బాగుంది. ఇంకో రెండు దమ్ములు లాగు. గట్టిగా లాగు, నీ సొమ్మేం పోయింది?"

ఆమె లాగింది. అతను పరికరం అందుకుని, ఆమె నోరు తగిలిన చోట టిష్యూతో రెండుసార్లు తుడిచి, తిరిగి బల్ల మీద పెట్టాడు. సాయంత్రం ఆమె వెనక తలుపులోంచి బయటపడి, స్వెట్టరు మార్చుకుని, సోంపు నములుతూ కారెక్కింది. ఆదివారం తెలుగు బడిలో పిల్లలకి అక్షరాలు దిద్దించే ఉమా ఆంటీ షాపులో లెక్కలు చూస్తుందని అందరూ అనుకుంటారు.

గురువారం ఉదయం ఆమె వంటింట్లోకి వచ్చేసరికి శేషగిరి కాఫీపొడి డబ్బాలో ముక్కు పెట్టి నిలబడి ఉన్నాడు. లోపలికంటా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఆమె అడుగుల చప్పుడు విని మూత పెట్టేసి, "కాఫీ ఏదీ?" అని గట్టిగా అడిగాడు. ఆమె ఏమీ చూడనట్టు పాలు పొయ్యి మీద పెట్టింది. అలాంటప్పుడు ఆమెకి అతని మీద జాలి కలుగుతుంది. ఆ జాలితోనే ఇన్నాళ్ళూ గడిచాయి.

షాపులో, ముందురోజు టిష్యూ చుట్టి పక్కకి పడుకోబెట్టిన ట్యాంకును తీసింది. టిష్యూ ఒకవైపు తడిసి, జిడ్డుగా పచ్చబారి ఉంది. గాలి వెళ్ళే రింగు దగ్గర్నించి కారింది. జేబులో వేసుకుంటే ప్యాంటు పాడవుతుంది. తుడిచి రెండోసారి నింపింది. మొదట్లో బాగానే ఉంది. ట్యాంకు సగానికి దిగేసరికి మామిడి వెనకనించి ఇంకేదో తొంగిచూసింది. ఇంకో దమ్ము లాగింది. ఇస్త్రీపెట్టె కింద చీర అంచు అంటుకున్నప్పటి వాసన. నాలుక వెనక చేదుగా నిలిచిపోయింది.

శేషగిరి లోపలికి రాగానే చెప్పింది. "ఇది మంచిది కాదండీ. పడుకోబెడితే కారుతోంది. రెండో ట్యాంకు సగమయ్యేసరికి దూది మాడుతోంది. పెట్టె మీద వాళ్ళు రాసిన పవర్ మీదే పెట్టాను."

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మాడటం అంటే ఎంత? తెలిసీ తెలియనట్టా?"

"తెలుస్తుంది. పక్కనున్న మనిషికీ తెలుస్తుంది."

"దివాకర్ దీన్ని చికాగో చుట్టుపక్కల షాపులన్నిటికీ మన ద్వారానే పంపిస్తానన్నాడు. తెలుసా నీకు? ఈ ఒక్క వీడియో బాగా వస్తే చాలు." అతను కాసేపు ట్యాంకును లైటుకి ఎత్తి చూశాడు. "శనివారం కొత్త కాయిల్ వేసి పెట్టు. లైవ్ ఎంతసేపులే. మొదటి ట్యాంకు బాగుంటుంది అన్నావుగా, అంతవరకు చాలు."

"కొనుక్కున్నవాళ్ళకి?"

"కొనుక్కున్నవాళ్ళు కాయిల్ మార్చుకుంటారు. నువ్వు రుచి చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను."

శుక్రవారం సాయంత్రం దివాకర్ విమానం దిగి సరాసరి ఇంటికొచ్చాడు. అతనితో పరిచయం కలిపిన వెంకట రమణనీ, అతని భార్య మీనాక్షినీ కూడా భోజనానికి పిలిచారు. తెలుగు బడి నడిపేది మీనాక్షే. కాలేజీ నుంచి కూతురు అనిక వచ్చింది. పోయిన నెల ఇరవయ్యొకటి నిండాయి గనక ఇప్పుడు షాపులోకి రావచ్చు, రేపు కెమెరా పట్టుకుంటానని తండ్రికి మాటిచ్చింది.

ఉమామహేశ్వరి గుత్తివంకాయ కూర గిన్నెలోకి తీస్తుంటే శేషగిరి వంటింట్లోకి వచ్చి, ఆమె స్వెట్టరు జేబులో మార్బెల్ పెట్టాడు.

"దివాకర్ ఇంకో రుచి తెచ్చాడు, లిచీ అట. నింపి పెట్టాను. ఎలా ఉందని అడుగుతున్నాడు. గరాజ్‌లోకి వెళ్ళి ఒక దమ్ము లాగి చెప్పు."

"ఇప్పుడా? అందరూ ఉండగానా?"

"ఎవరొస్తారు గరాజ్‌లోకి? వెళ్ళు, వెళ్ళు."

ఆమె చెయ్యి కడుక్కుని వెళ్ళింది. నిజానికి మధ్యాహ్నం నుంచీ వంట పనుల్లో పడి ఒక్క దమ్మూ లాగలేదు. తల దిమ్ముగా ఉంది. పిల్ల చిన్న మాటకే విసుక్కుంది కూడా. గరాజ్ తలుపు మూసి, కారుకీ ఫ్రిజ్‌కీ మధ్య నిలబడి, పరికరం నోట్లో పెట్టుకునేసరికి వేళ్ళు తొందరపడ్డాయి. ఆ తొందర చూసి ఆమెకే సిగ్గేసింది. ఒకటి చాలు. అయినా రెండోది లాగింది.

అప్పుడే తలుపు తెరుచుకుంది. స్ప్రైట్ క్యాన్ల కోసం మీనాక్షి వచ్చింది. ఇద్దరి మధ్యా తెల్లటి ఆవిరి, తియ్యటి లిచీ వాసన.

"అయ్యో, ఉమ గారూ!" అంది మీనాక్షి. క్యాన్లు తీసుకోకుండానే వెనక్కి తిరిగింది.

ఉమామహేశ్వరి వంటింట్లోంచి కూర గిన్నె తీసుకుని వెళ్ళేసరికి బల్ల దగ్గర అప్పటికే అంతా ఆగిపోయి ఉంది. మీనాక్షి నవ్వాలో మానాలో తెలియక, "ఏం లేదు, ఉమ గారు గరాజ్‌లో... అదేదో... వేపింగ్ చేస్తున్నారు. నేను సడన్‌గా వెళ్ళేసరికి..." అని సగంలో వదిలేసింది.

అందరూ శేషగిరి వైపు చూశారు. ఉమామహేశ్వరి కూడా చూసింది. నేనే పంపాను, సరుకు చూసి రమ్మన్నాను అంటే చాలు. ముక్కు సంగతి చెప్పక్కర్లేదు. ఆ ఒక్క మాట చాలు.

శేషగిరి గరిటె కిందపెట్టి పెద్దగా నవ్వాడు.

"దొరికిపోయిందా! ఏం చెయ్యమంటారు చెప్పండి. బంగారం షాపు వాడి పెళ్ళాం నగలు దిగేసుకుంటుంది. నాది వేప్ షాపాయె!"

దివాకర్ పగలబడి నవ్వాడు. "వదినా, మీరు మామూలోళ్ళు గాదు!"

నవ్వు వచ్చేసరికి శేషగిరికి ఊపొచ్చింది. "షాపులో సరుకు తగ్గుతోంటే ఎలకలేమో అనుకున్నానండీ. నెలల తరబడి ఎలకలే అనుకున్నా! ఎన్ని చెప్పినా వినదు. వయసొచ్చాక మొదలైన అలవాటు, ఎక్కడ మానుతుంది?"

వెంకట రమణ తల దించుకుని పప్పు కలుపుకున్నాడు. అనిక తల్లినే చూస్తోంది.

"అమ్మా, ఈజ్ దట్ ట్రూ?"

ఉమామహేశ్వరి కూర గిన్నె బల్ల మీద పెట్టింది. "చల్లారిపోతోంది, వడ్డించుకోండి," అంది. శేషగిరి అందరికంటే ముందు గిన్నె అందుకున్నాడు. "ఆహా, ఏం ఘుమఘుమ!" అన్నాడు.

అతిథులు వెళ్ళాక ఆమె గిన్నెలు కడుగుతుంటే అనిక వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడింది.

"నేను మిడిల్ స్కూల్‌లో ఉన్నప్పుడు వేప్ ఉందేమోనని నువ్వు ఎవ్రీ డే నా బ్యాక్‌ప్యాక్ చెక్ చేశావ్. నా జాకెట్ స్మెల్ చేశావ్. గుర్తుందా? నా ఫ్రెండ్స్ ముందు చేశావ్."

"గుర్తుంది."

"దట్స్ సో గ్రోస్, అమ్మా." పిల్ల మెట్లెక్కి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

ఉమామహేశ్వరి చేతులు తుడుచుకుని హాల్లోకి వచ్చింది. శేషగిరి సోఫాలో పడుకుని ఫోను చూసుకుంటున్నాడు.

"టెస్ట్ చెయ్యమని మీరే పంపారని చెప్పొచ్చుగా."

"చెప్తే? నువ్వెందుకయ్యా చూడలేదు, మీ ఆవిడెందుకు చూసింది అంటాడు. దివాకర్ పిచ్చోడా? రెండు మాటల్లో మొత్తం లాగేస్తాడు." అతను ఫోను మీంచి చూపు తిప్పలేదు. "రెండ్రోజులు పోతే అందరూ మర్చిపోతారు."

"అనిక మర్చిపోతుందా?"

అప్పుడు తల తిప్పి చూశాడు. "అయినా నేనన్న దాంట్లో అబద్ధం ఏముందోయ్? అలవాటు లేదా నీకు? పొద్దున్నే లేచి దేనికోసం వెతుక్కుంటావో నేను చూడట్లేదనుకున్నావా?"

అది నిజం. ఆ నిజాన్ని దమ్ము తర్వాత దమ్ముగా ఆమె ఒంట్లోకి ఎక్కించినవాడే, ఇప్పుడు దాన్ని బయటికి తీసి ఆమెకే చూపిస్తున్నాడు. ఆమె లైటు ఆర్పి మెట్లెక్కింది.

శనివారం ఉదయం మీనాక్షి ఫోన్ చేసింది. చాలాసేపు పులిహోర గురించి, అనిక ఎంత ఎదిగిపోయిందో దాని గురించి మాట్లాడింది.

"ఉమ గారూ, నేనైతే ఏమీ అనుకోవట్లేదండీ. పర్సనల్ ఛాయిస్. కానీ మా ఆయన పొద్దున్నే వాకింగ్‌లో ఎవరితోనో అన్నట్టున్నారు. ఇద్దరు పేరెంట్స్ మెసేజ్ చేశారు. చిన్న పిల్లలు కదా, ఆంటీ ఒళ్ళోనే కూర్చుని దిద్దుతారు కదా..."

"చెప్పండి, పర్లేదు."

"కొన్నాళ్ళు బ్రేక్ తీసుకుంటే బెటరేమో అని. రేపటి క్లాస్ నమ్రత చూస్తానంది. మీ దగ్గరున్న పలకలూ అక్షరాల కార్డులూ ఎప్పుడైనా వచ్చి తీసుకుంటాను. లేదా... వాకిట్లో పెట్టేసినా సరే."

"అలాగేనండీ."

ఫోను పెట్టేసి ఉమామహేశ్వరి అల్మారాలోంచి కార్డుల కట్ట తీసింది. అంచులు అరిగిన చోట తనే అట్టలు అతికించింది. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కాగితం వాసన, క్రేయాన్ల వాసన, అంతే. సంచీలో సర్ది వాకిట్లో పెట్టి, షాపుకి బయల్దేరింది.

మధ్యాహ్నానికి షాపు నిండింది. దివాకర్ కౌంటరు మీద మార్బెల్ పెట్టెలు గోపురంలా పేర్పించాడు. ఎప్పుడూ వచ్చే లారీ డ్రైవర్ గ్యారీ, మనవరాలి కోసం సిగరెట్లు మానేసిన ముసలావిడ, కాలేజీ కుర్రాళ్ళు, గోడ వారగా నాలుగైదు తెలుగు మొహాలు. అనిక స్టాండు మీద ఫోను బిగించి లైవ్‌కి సిద్ధం చేసింది. తల్లి లోపలికి రావడం చూసి తల తిప్పుకుంది.

వెనకగదిలో బల్ల మీద నిన్నటి మార్బెల్, పాత కాయిల్‌తో ఉన్న ట్యాంకు, పక్కనే విప్పని కొత్త కాయిల్ ప్యాకెట్టు. ఉమామహేశ్వరి ట్యాంకు విప్పి అడుగున చూసింది. కాయిల్ దూది బొగ్గురంగుకి తిరిగి ఉంది. కొత్త ప్యాకెట్టు చేతిలోకి తీసుకుంది. దాని అంచు కొంచెం చింపింది కూడా. ముందు గదిలోంచి శేషగిరి గొంతు వినిపించింది. ఎవరికో నిన్నటి ఎలకల కథ ఇంగ్లీషులో చెబుతున్నాడు. నవ్వులు వినిపించాయి.

ఆమె ప్యాకెట్టును సొరుగులో పెట్టి మూసింది. పాత కాయిల్‌నే బిగించి, ట్యాంకులో మామిడి లిక్విడ్ పోసి, గాజు మీది మరకలు తుడిచింది. ఒక దమ్ము లాగింది. మాడు నేరుగా ముక్కుకి ఎక్కింది, కళ్ళు చెమర్చాయి. ఫ్యాను వేసి, ఆవిరంతా పోయేదాకా నిలబడింది.

శేషగిరి వచ్చాడు. కొత్త చొక్కా, తలకి రంగు.

"కొత్త కాయిల్ వేశావా?"

"వేశాను."

"ఎలా ఉంది?"

"బాగుందండీ."

"బాగుందంటే సరిపోతుందా? మాట చెప్పు."

"వేసవి సెలవల్లో మామిడిపండు రసం మోచేతి దాకా కారితే నాకినట్టు. మబ్బు లేదు, మచ్చ లేదు. ఇంత శుభ్రమైన రుచి ఈ ఏడాది చూళ్ళేదని చెప్పండి."

"మోచేతి దాకా!" అతని కళ్ళు మెరిశాయి. "గొంతులో ఎలా ఉంటుంది?"

"కొంచెం గరగరగా ఉంటుంది. నికోటిన్ ఎక్కువ. దానికి దగ్గొద్దు."

పరికరానికి నోరు తగిలే చోట టిష్యూతో తుడిచి, అతను బయటికి వెళ్ళాడు. ఆమె తలుపు సగం తెరిచి నిలబడింది.

గిరి అంకుల్ కెమెరా ముందు పరికరాన్ని అటూ ఇటూ తిప్పి చూపించాడు. చేతిలో ఎలా ఒదిగిందో, ట్యాంకు ఎంత మెత్తగా బిగిసిందో చెప్పాడు. తర్వాత నిండా దమ్ము లాగాడు. గొంతు ఒక్కసారి కదిలింది, కానీ దగ్గలేదు. కళ్ళు మూసుకుని, ముక్కులోంచి నెమ్మదిగా వదిలాడు.

మాడు వాసన షాపంతా అలుముకుంది. ముందు నిలబడ్డ కుర్రాడు మొహం చిట్లించాడు. ముసలావిడ చేత్తో గాలి విసురుకుంది.

"ఇది వేసవి," అన్నాడు గిరి అంకుల్ ఇంగ్లీషులో, కళ్ళు ఇంకా మూసుకునే. "చిన్నప్పుడు మామిడిపండు రసం మోచేతి దాకా కారేది. అలా నాకినట్టు ఉంది. ఎక్కడా మచ్చ లేదు. ఈ ఏడాది నేను చూసినవాటిలో ఇంత శుభ్రమైన రుచి ఇంకోటి లేదు."

మళ్ళీ లాగాడు. ఈసారి గ్యారీ గట్టిగానే అన్నాడు. "గిరి, ఆర్ యూ ఓకే, మ్యాన్? దట్ థింగ్స్ బర్నింగ్."

ఎవరో నవ్వారు. శేషగిరి కళ్ళు తెరిచాడు. అందరి మొహాల్లోకీ చూశాడు. వాళ్ళకి తెలిసింది, తనకి తెలియనిది ఏదో ఉందని అర్థమైంది గానీ, అదేమిటో తెలియలేదు. చిరునవ్వు అలాగే ఉంచి ఇంకో దమ్ము లాగి, "వెరీ క్లీన్," అన్నాడు. నవ్వులు పెద్దవయ్యాయి.

దివాకర్ ముందుకొచ్చి అతని చేతిలోంచి పరికరం లాక్కుని పీల్చాడు. వంగిపోయి దగ్గాడు. "ఏందన్నా ఇది! మొత్తం మాడిపోయింది. నీకు తెలుస్తలేదా?"

"మా ఆవిడ..." శేషగిరి దివాకర్ చేతిలోని ట్యాంకు వైపు వేలు చూపించాడు. "మా ఆవిడ నింపింది. సరిగ్గా నింపినట్టు లేదు. నాకు తెలుసు, నేనూ అదే చెప్పబోతున్నాను..."

"నువ్వు మోచేతి దాకా కారిందంటివి గదన్నా!"

ఫోను వెనక అనిక తెర మీద పరిగెడుతున్న కామెంట్లు చదువుతోంది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. తండ్రి వైపు చూసింది. ఎగతాళి లేని గొంతుతో అడిగింది, నవ్వులు ఆగిపోయాయి.

"నాన్నా, నీకు స్మెల్ రావట్లేదా? నిజంగా?"

శేషగిరి కళ్ళు జనాన్ని దాటి వెనకగది తలుపు దగ్గరికి వెళ్ళాయి. అక్కడ ఉమామహేశ్వరి నిలబడి ఉంది.

దివాకర్ కూడా అటు తిరిగాడు. కోపంతోనో, జనం ముందు పరువు దక్కించుకోవడానికో, పరికరం ఆమె వైపు చాపాడు. "రాండ్రి వదినా. మీకు అలవాటే గదా. మీరే చెప్పుండ్రి."

ఆమె వచ్చింది. గోడ వారగా ఉన్న తెలుగువాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. ఆమె కౌంటరు మీద ఒక కొత్త పెట్టె విప్పి, కొత్త కాయిల్ తీసి, దూది నానబెట్టింది. అది నానినంతసేపూ ఎవరూ కదల్లేదు. తర్వాత కెమెరాకి ఎదురుగా నిలబడి పీల్చి, ముక్కులోంచి వదిలింది. ఆమె ఇంగ్లీషు నెమ్మదిగా, విడివిడిగా వచ్చింది. "కొత్తగా ఉన్నప్పుడు బాగుంటుంది. మామిడి, తొక్క మీది వాసన. రెండో ట్యాంకుకి మాడుతుంది. పక్కకి పడుకోబెడితే కారుతుంది. జేబులో వేసుకోవద్దు. నేనైతే కొనను."

ముసలావిడ చప్పట్లు కొట్టింది. ఆ మాటలు వాళ్ళకి కొత్త కాదు. ఇన్నాళ్ళూ గిరి అంకుల్ నోట విన్నవే. గ్యారీ ఆమెనీ శేషగిరినీ మార్చి మార్చి చూసి, మెల్లగా తలూపాడు.

ఆదివారం శేషగిరి షాపు తెరవలేదు. అతను మాడిన ట్యాంకు పీల్చి కళ్ళు మూసుకున్న ఆ ముక్క ఎవరెవరి ఫోన్లలోనో తిరుగుతోంది. తెలుగు గ్రూపుల్లోకీ వచ్చింది. అతను పక్కగదిలో దాన్ని చిన్నగా సౌండు పెట్టుకుని చూడటం ఆమెకి వినిపించింది. అతని మాట, తర్వాత జనం నవ్వు. మళ్ళీ అతని మాట.

అనిక తల్లి దగ్గరికొచ్చి మంచం చివర కూర్చుంది.

"సో, ఆల్ దిస్ టైమ్ నువ్వే చేశావా? నాన్న కోసం?"

"ఊఁ."

"మరి ఫ్రైడే ఎందుకు చెప్పలేదు?"

"ఆయన చెప్తారనుకున్నాను."

అనిక ఆమె చెయ్యి పట్టుకుంది. "ఐయామ్ సారీ. నువ్వు క్విట్ చెయ్యాలి, అమ్మా. నేను హెల్ప్ చేస్తా. ఓకే?" ఉమామహేశ్వరి తలూపింది. తలూపుతున్నప్పుడు కూడా ఆమె మనసు స్వెట్టరు జేబు మీదే ఉంది.

సాయంత్రం దివాకర్ ఫోన్ చేశాడు. ఆ సరుకంతా కంపెనీకే తిప్పి పంపుతున్నాడట. వీడియో మాత్రం మస్తుగా పోయిందట. అందరూ ఆంటీ కావాలంటున్నారట. రేపే షాపులో ఉన్నదేదైనా పట్టుకుని ఆంటీతో ఒకటి తీసి పెట్టమన్నాడు. అది చూసి చికాగో సంగతి మళ్ళీ మాట్లాడతానన్నాడు.

శేషగిరి వచ్చి ఆమె మంచం పక్క కుర్చీలో కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు. "నువ్వు కావాలనే చేశావు," అన్నాడు చివరికి.

"అవును."

అరుస్తాడనుకుంది. అరవలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేలకేసి చూశాడు. "వాసన లేకపోతే ఎలా ఉంటుందో నీకు తెలియదు ఉమా. అన్నం తింటుంటే అట్ట తిన్నట్టుంటుంది. ఇంట్లో గ్యాసు లీకైనా నాకు తెలియదు. ఎవరికీ చెప్పుకోలేదు. షాపు పోతే మనకేం ఉంది?" "ఇకనించి నువ్వే చెయ్యి. నేను కౌంటర్లో ఉంటాను. కెమెరా జోలికి రాను."

ఎప్పుడూ కలిగే ఆ జాలి కోసం ఆమె తనలో వెతుక్కుంది. అది ఉండే చోట ఏమీ తగల్లేదు.

"చేస్తాను," అంది. "కానీ మీరు పక్కన కూర్చోవాలి. ముందు మీరు పీల్చి రుచి చెప్పాలి. తర్వాత నేను చెప్తాను."

"నాకు తెలియదుగా!"

"అది ఇప్పుడు అందరికీ తెలుసు. తెలియకపోయినా చెప్పాలి. అలా అయితేనే నేను కూర్చుంటాను."

అతను ఆమె మొహంలోకి చూశాడు. వేళాకోళమేమో అని నవ్వబోయి, ఆగిపోయాడు.

సోమవారం షాపులో రెండు కుర్చీలు పక్కపక్కనే వేశారు. అనిక కాలేజీ ప్రయాణం ఒకరోజు వాయిదా వేసుకుని కెమెరా వెనక నిలబడింది. తల్లి గురించి మంచి మాటలు వస్తున్నాయని పొద్దున్నించీ హుషారుగా ఉంది. ఉమామహేశ్వరి అలమరలోంచి ఒక పరికరం ఎంచుకుని, లిక్విడ్ పోసి, సీసా మీది పేరు కనిపించకుండా చేత్తో మూసి పెట్టుకుంది. కెమెరాకి నమస్కారం పెట్టి, ముందు మా వారు చెబుతారు అంది ఇంగ్లీషులో.

శేషగిరి పీల్చాడు. బుగ్గల్లో నిలుపుకున్నాడు. ఏదైనా ఆచూకీ దొరుకుతుందేమోనని ఆమె కళ్ళలోకి, పెదాలకేసి చూశాడు. ఆమె మొహం కదల్లేదు.

"వెనిలా," అన్నాడు.

ఆమె కెమెరా వైపు చూస్తూ ఊరుకుంది.

"కాదు. ఏదో పండు. పండే... స్ట్రాబెరీయా?" అతని నుదుటి మీద చెమట పట్టింది. "పుదీనా కాదు, అయితే నాలుకకి చల్లగా తెలుస్తుంది. ఉమా..."

తెర మీద కామెంట్లు గుంపుగా ఎక్కుతున్నాయి. అనిక చేతిలో ఫోను కొంచెం దిగింది. "అమ్మా, ప్లీజ్. ఆపేస్తా. హీ డజంట్ నో."

"ఆపకు," అంది ఉమామహేశ్వరి. భర్త వైపు తిరిగి, మొదటిరోజు పలక పట్టుకొచ్చిన పిల్లాడితో మాట్లాడేటంత మెత్తగా చెప్పింది. "తొందరేం లేదండీ. ఇంకోసారి పీల్చి చెప్పండి."

శేషగిరి మళ్ళీ నోటికి పెట్టుకున్నాడు.